గీత దాటిన చుక్క

పోయిన వారం కుందేలుని ఎక్కడ వదిలేశామో గుర్తుండే ఉంటుంది. కంప్యూటరు ముందు, చేతిలో టీ కప్పుతో, ఆ టీ తాగడం మరిచిపోయి, నోరు తెరుచుకుని. ఈ వారం కూడా ఆమె అక్కడే ఉంది. టీ చల్లారిపోయింది, అంతే తేడా.

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఊళ్లో ఒక పాత హాలుంది. దాన్ని లోపలివైపు మొత్తం మార్చి బాగుచేయాలి. అందులో నాటకాలు వేసేది కుందేలు నాన్న బృందం. పాటలు పాడేది కుందేలు మేనత్త బృందం. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. ఇద్దరి మధ్య మాటల్లేక చాలా ఏళ్లయింది. నాటకానికి మాట తేటగా వినబడాలి, అనగానే ఆగిపోవాలి, వెనకొచ్చే మాటకి అడ్డం పడకూడదు. పాటకి అలా ఆగిపోతే ప్రాణం తీసినట్టే. స్వరం హాల్లో కాసేపు నిలబడాలి, నిలబడి మెల్లగా పోవాలి. గోడలకి మందపాటి గుడ్డ కొడితే నాన్న గెలుస్తాడు, పీకేస్తే అత్తయ్య గెలుస్తుంది. హాలు కమిటీవాళ్లకి ఈ గొడవతో నిమిత్తం లేదు. వాళ్లకి కావలసినవి కుర్చీలు, ఎన్ని పడితే అన్ని.

ఇవాళ సాయంత్రమే కమిటీ సమావేశం. కుందేలు ఒక్క డిజైను తీసుకెళ్లి బల్లమీద పెట్టాలి. దాన్ని బట్టి రెండు బృందాల్లో ఒకటి మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతుంది. కన్నతండ్రిని వెళ్లగొట్టాలా, తల్లి లేని తనని చంకనెత్తుకుని పెంచిన మేనత్తని వెళ్లగొట్టాలా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేకే కుందేలు ఇన్నాళ్లుగా అన్నం సయించక కంప్యూటరు ముందు కూర్చుంది. చిన్నప్పుడు ఏ చప్పుడు విన్నా తల తిప్పి చెవులు రిక్కించేదని నాన్న పెట్టిన ముద్దుపేరు ఈ కుందేలు. అవే చెవులతో ఇప్పుడు పొట్టపోసుకుంటోంది. హాళ్లలో శబ్దం ఎలా ఉంటుందో కట్టకముందే చెప్పడం ఆమె వృత్తి.

ఎలా చెబుతుందంటే, ఆమె దగ్గర కంప్యూటరులో రెండు ఉత్తుత్తి హాళ్లున్నాయి. ఒకదాని పేరు తొందరబాబు. శబ్దమంటే రబ్బరు బంతి, గోడకి తగిలితే వెనక్కొస్తుంది, అంతకుమించి అతనికేమీ తెలియదు. కానీ అడిగిందే తడవుగా జవాబు చెప్పేస్తాడు. ఇక్కడ పలక కాస్త వంచితే? ఇక్కడ బాల్కనీ తగ్గిస్తే? అని అడుగుతుంటే కుందేలు జడ వేసుకునేలోపు వేల హాళ్ల జాతకాలు చెప్పి పారేస్తాడు. రెండో ఆయన నింపాదయ్య. శబ్దం నిజంగా ఎలా పోతుందో అలాగే లెక్కగడతాడు. మూలల్లో వంగి, సందుల్లో దూరి, పరుచుకుని, చిక్కబడి, పల్చబడి. ఒక్క హాలు గురించి అడిగితే రెండు రోజులు పలకడు. అందుకని ఆయన్ని ఊరికే విసిగించకూడదు, అడగవలసిందే అడగాలి.

ఏది అడగాలో తేల్చడానికి ఆమె ఒక చిన్న ప్రోగ్రాము రాసుకుంది. దానికి మధ్యవర్తి అని పేరు. తొందరబాబు అబద్ధాలాడతాడు, అది అందరికీ తెలిసిందే. కానీ అతని అబద్ధాలకో వరస ఉంటుంది. ఫలానా మూలలో ఎప్పుడూ ఎక్కువ చేసి చెబుతాడు, ఫలానా బాల్కనీ కింద ఎప్పుడూ తగ్గించి చెబుతాడు. నింపాదయ్య చెప్పిన నాలుగు నిజాల పక్కన అతని మాటలు పెట్టి చూసి, మధ్యవర్తి ఆ వరస పట్టేస్తుంది. ఆ తర్వాత అబద్ధంలోంచి నిజాన్ని వడకట్టి, ఎక్కడ ఆశ ఉందో, ఎక్కడ అసలేమీ తెలియడం లేదో చూసుకుని, అక్కడికే నింపాదయ్యని పంపిస్తుంది.

తెరమీద ఒక్కో హాలూ ఒక్కో చుక్క. కుడికి పోయేకొద్దీ మాట తేట. పైకి పోయేకొద్దీ పాట నిలకడ. చుక్క ఎంత ఎర్రగా ఉంటే కుర్చీలు అంత ఎక్కువ. బయటి చుక్కలన్నీ కలిపితే విల్లులాంటి ఒక గీత. ఆ గీతమీద ఏ చుక్కనైనా కుడికి నెట్టారా, కిందికి జారుతుంది. పైకి లాగారా, ఎడమకి పోతుంది. నాన్నకి ఇచ్చింది అత్తయ్య దగ్గర లాక్కోవాల్సిందే. కుందేలు వారాల తరబడి ఆ గీతతో కుస్తీ పట్టింది. గీత ఒక్క వెంట్రుకవాసి కూడా జరగలేదు.

నిన్నటిదాకా. ఇవాళ పొద్దున్న వచ్చి చూస్తే గీతకి అవతల, ఎవరూ లేని ఖాళీలో, ఎర్రగా ఒక చుక్క.

"మిల్లీమీటరు గారూ! ఒకసారి ఇటు రండి!"

పక్కగదిలోంచి రంపపు పొట్టు దులుపుకుంటూ ఒకాయన వచ్చాడు. ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఏది చూపించినా "ఒక మిల్లీమీటరు తేడా ఉంది మేడమ్" అనడం ఆయన అలవాటు. పెళ్లిఫోటో చూపించినా అలాగే అన్నాడట. లేజరు యంత్రం పెట్టి పాత హాలుని అంగుళం అంగుళం కొలిచింది ఆయనే. ఆ హాలుకి పదోవంతు సైజులో చెక్కతో బుల్లిహాలు కట్టిందీ ఆయనే. అందులో బుల్లి కుర్చీలు, కుర్చీకొక బుల్లి ఉన్నిగుడ్డ మనిషి.

"నింపాదయ్యకి మతి పోయినట్టుందండీ," అంది కుందేలు.

మిల్లీమీటరు కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. ఎంత తేడా ఉందో ఈసారి చెప్పలేదు.

"ఆయన ఆలస్యంగా చెప్తాడు గానీ తప్పు చెప్పడు మేడమ్."

"మరి ఇదేంటి? నాన్నకీ సరిపోయి, అత్తయ్యకీ సరిపోయి, పైపెచ్చు కుర్చీలు కూడానా? అయ్యే పనేనా ఇది?"

"ఈ ఒక్కటేనా ఇలా?"

అదే విచిత్రం. ఒక్కటే కాదు. కుందేలు వెనక్కి వెళ్లి చూసుకుంది. హాలుకి ఎడమగోడ వెనకభాగంలో ఒక చెక్కపలక ఉంది. దాన్ని తలుపులా కాస్త తిప్పవచ్చు. ఆ పలక మూసి ఉన్నంతసేపూ తొందరబాబూ నింపాదయ్యా దాదాపు ఒకే మాట చెబుతున్నారు. తిప్పి తెరిచినప్పుడల్లా నింపాదయ్య లెక్కలో పాట నిలకడ, గీత లోపలే అయినా, కాస్త కాస్త పెరుగుతూ వచ్చింది. తొందరబాబుకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. మధ్యవర్తి ఈ తేడా పసిగట్టింది. పసిగట్టి ఊరుకోకుండా, ఇంకా తెరిస్తే? ఇంకొంచెం తెరిస్తే? అని నింపాదయ్యని మళ్లీ మళ్లీ ఆ పలక దగ్గరికే పంపింది. మనిషైతే ఆ మూలకి ఛస్తే వెళ్లడు. వెనక వరసల పక్కన, చీకట్లో, పనికిమాలిన చోటు.

"శబ్దం ఎటు పోతోందో తెరమీద ఆడించి చూడండి," అన్నాడు మిల్లీమీటరు.

కుందేలు ఆడించింది. వేదిక మధ్యలో ఒక్క చప్పట. తెరమీద నీలిరంగు ఉంగరం పుట్టి, ఉబ్బి, గోడలకి తగిలి విరిగింది. విరిగిన ముక్కలు పైకప్పుకి పోయి, బాల్కనీ కిందికి వంగి, ఒకదాన్నొకటి దాటుకుంటూ హాలంతా నిండాయి. ఇలాంటివి ఆమె వందలు చూసింది. అయినా ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. చెవికి తప్ప దేనికీ దొరకని చప్పుడు, ఇదిగో ఇలా పోతాను నేను అని కంటికి చూపిస్తుంటే ఎవరికి జలదరించదు చెప్పండి.

తర్వాత జరిగింది మాత్రం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎడమగోడ వెనకాల, తిరిగిన పలక పక్కనుంచి, సన్నటి నీలిపోగు ఒకటి గోడ దాటి బయటికి పోయింది. అక్కడ హాలు లేదు. డ్రాయింగు ప్రకారం అక్కడ ఇటుక తప్ప ఏమీ లేదు. ఆ లేనిచోట నీలిరంగు చేరడం మొదలైంది. మూల మూలకీ సర్దుకుని, నలుచదరపు ఆకారంగా నిండింది. ఈలోపు హాల్లో చప్పట అయిపోయింది. అంతా నల్లబడింది. మాట తేటగా ఆగిపోయింది, నాన్నకి కావలసినట్టే. ఆ తర్వాత, అంతా అయిపోయిందనుకున్నాక, ఆ చిన్న ఆకారంలోంచి నీలిపోగు వెనక్కి రావడం మొదలుపెట్టింది. తొందరలేదు, తోపులాట లేదు. పోగు తర్వాత పోగు, పల్చగా, హాలంతా పరుచుకుంటూ.

మిల్లీమీటరు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"గది," అంది ఆమె చివరికి. "గోడవతల గది ఉందండీ."

"డ్రాయింగులో లేదే?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. తొందరబాబుకి లెక్క తేలిగ్గా ఉండాలని కుందేలు పాత డ్రాయింగు ఇచ్చింది. నింపాదయ్యకి కచ్చితంగా ఉండాలని మిల్లీమీటరు యంత్రం కొలిచిన కొలతలు ఇచ్చింది. రెండూ ఒకే హాలు కదా అనుకున్నారు. సరిచూసుకుందామన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. వేరువేరు ఇళ్ల గురించి మాట్లాడుతున్న ఇద్దరి మధ్య కూర్చుని, పాపం మధ్యవర్తి ఆ తేడాని కూడా తొందరబాబు అబద్ధాల కింద జమకట్టేసింది. దాన్ని ముక్కుసూటిగా తరుముకుంటూ పోయి, గీత దాటింది.

మిల్లీమీటరు మొహం కందగడ్డయింది.

"తప్పు నాదే మేడమ్. మా యంత్రానికి అద్దం చూపిస్తే బోల్తా పడుతుంది. అద్దంలో కనిపించేది కూడా నిజం గదే అనుకుని కొలిచేస్తుంది. అక్కడెక్కడో పాత అద్దం వేలాడుతుండుంటుంది. తుడిచేస్తానుండండి, ఎవరికీ తెలియదు."

ఆయన వేలు మీటమీదికి వెళ్లింది. కుందేలు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండండి. గది అబద్ధమే అనుకుందాం. శబ్దం అబద్ధం కాదుగా? అక్కడ నిజంగా గదంటూ ఉంటే, ఇలాగే పోయి ఇలాగే వస్తుందిగా?"

"వస్తుంది."

"లేకపోతే కట్టుకుందాం! మీ రంపం ఏదీ?"

మధ్యాహ్నానికల్లా బుల్లిహాలు ఎడమగోడకి సన్నటి చీలిక పడింది. దాని వెనకాల చెక్కపెట్టె ఒకటి అతుక్కుంది. తేమ చప్పుడుని మింగేస్తుంది కాబట్టి లోపల గాలిలో తేమ లేకుండా ఆరబెట్టి, మూత వేసి, మిల్లీమీటరు టేపు జేబులో పెట్టుకుని హాలుకి బయల్దేరాడు. ఆ అద్దం సంగతేమిటో కళ్లారా చూస్తే తప్ప ఆయనకి నిద్రపట్టదు.

కుందేలు ఇక్కడొక తెలివైన పని చేసింది. నాన్నని ముందు ఆఫీసుకి రమ్మంది, అత్తయ్యని గంటాగి రమ్మంది. నాన్న బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చాడు. అత్తయ్య ఎక్కడికైనా ముందే చేరుకునే మనిషి. ఇద్దరూ సరిగ్గా గుమ్మంలో ఎదురుపడ్డారు. గుమ్మం ఇద్దరికి చాలదు. నేను ముందంటే నేను ముందని కాదు, ఎవరూ ముందు పోనన్నారు. చివరికి కుందేలే ఇద్దరి చేతులూ పట్టుకుని లోపలికి లాగింది.

"మీ అత్తయ్యని ఆ కుర్చీలో కూర్చోమను," అన్నాడు నాన్న గోడవైపు తిరిగి. నాటకాల్లో రాజులకి పలికి పలికి ఆయన గొంతు రాటుదేలింది. గుసగుస కూడా ఆఖరి వరసకి వినిపిస్తుంది.

"కూర్చోవడం నాకొచ్చని చెప్పవే," అంది అత్తయ్య కిటికీవైపు తిరిగి.

"ఇద్దరికీ దణ్ణం పెడతాను. ఇవాళ్టికి నన్ను కబుర్లు మోసే పావురాన్ని చెయ్యకండి," అంది కుందేలు. "ఇంతకీ నేనెవరి వైపని అనుకుంటున్నారు మీరు?"

ఇద్దరికీ ఒకటే అనుమానం, ఎదుటివాళ్ల వైపేనని. అది వాళ్ల మొహాల్లో కనిపించి కుందేలుకి కళ్లు చెమర్చాయి. ఏడవడానికి టైము లేదు కాబట్టి ఇద్దరి చెవులకీ హెడ్‌ఫోన్లు తగిలించింది.

నాన్నకో అలవాటుంది. ఏ హాలుకెళ్లినా వేదికెక్కి ఒకే వాక్యం పలుకుతాడు. "చిట్టికట్ట తెచ్చిపెట్టి పట్టెకింద తట్టి చెప్పు." అర్థం అడక్కండి, ఆయనకీ తెలియదు. మాటల్ని నమిలేసే హాలైతే ఈ వాక్యం దగ్గర దొరికిపోతుంది. అత్తయ్యది ఒక్క ఆలాపన. కింద మొదలై, పైకెక్కి, ఉన్నట్టుండి ఆగుతుంది. ఈ రెండూ కుందేలు ఎప్పుడో రికార్డు చేసి పెట్టుకుంది. వాటిని పదిరెట్లు వేగంగా బుల్లి స్పీకరులోంచి బుల్లిహాల్లోకి వదులుతుంది. ఆఖరి వరసలో ఉన్నిగుడ్డ మనిషి పక్కన పెసరగింజంత మైకు ఉంటుంది. అది విన్నదాన్ని మళ్లీ పదిరెట్లు నెమ్మదించి వినిపిస్తే, కట్టని హాల్లో ఆఖరి వరసలో కూర్చుని విన్నట్టే.

ముందు గోడలకి గుడ్డతో. నాన్న వాక్యం ముత్యాలు పేర్చినట్టు వచ్చింది. ఆయన తల ఎగరేశాడు. అత్తయ్య ఆలాపన ఆగడంతోటే ఠక్కున చచ్చిపోయింది.

"నా పీక నులిమి పంపించినట్టుంది," అంది అత్తయ్య.

తర్వాత గుడ్డ తీసేసి. ఆలాపన వెన్నలా పరుచుకుంది. నాన్న వాక్యం మాత్రం టట్ట టట్ట అని ముద్దయిపోయింది.

"ఇందులో నాటకం వెయ్యడం కంటే బావిలో దిగి అరవడం నయం," అన్నాడు నాన్న.

ఇదే గీత. ఇన్నాళ్లుగా తెరమీద చుక్కలుగా చూసింది ఇప్పుడు రెండు కుర్చీల్లో కూర్చుని ఉంది. కుందేలు మూత తెరిచి, చిటికెనవేలితో ఎడమగోడ పలకని మెల్లగా తిప్పింది. చీలిక తెరుచుకుంది. మళ్లీ మూత వేసింది.

"ఇప్పుడు వినండి."

చిట్టికట్ట తెచ్చిపెట్టి పట్టెకింద తట్టి చెప్పు. ప్రతి అక్షరం దేనికది, కడిగి ఆరబెట్టినట్టు. నాన్న తల ఎగరెయ్యబోయి ఆగాడు. మాట అయిపోయింది, కానీ ఏదో మిగిలింది. మాటకి అడ్డంరాకుండా, మాట వెనకాల, ఎక్కడో దూరంగా. ఇన్నేళ్లలో ఆయన ఎన్ని వేదికల మీద ఎంత గట్టిగా అరిచినా రాని నిండుతనం అది. హాలు తన మాట విని, కాసేపు మనసులో పెట్టుకుని, తర్వాత వదిలినట్టుంది.

ఆ వెంటనే అత్తయ్య ఆలాపన మొదలైంది. కిందనుంచి పైకెక్కింది, ఉన్నట్టుండి ఆగింది. ఆగిన చోట శుభ్రంగా ఆగింది. ఆ తర్వాత ఆమె గొంతే, ఆమె కన్నా మెత్తగా, గోడవతల నుంచి తిరిగి వచ్చింది. అప్పగింతలప్పుడు ఆడపిల్లలా వెనక్కి తిరిగి చూసుకుంటూ చూసుకుంటూ వెళ్లిపోయింది. అత్తయ్య కళ్లు మూసుకుంది. మూసిన రెప్పల కిందనుంచి నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు.

కుందేలు చెవులకి హెడ్‌ఫోన్లు లేవు, ఆమెకేమీ వినిపించలేదు. ఆమె విన్నదంతా ఆ ఇద్దరి మొహాల్లోనే. వెయ్యి హాళ్లు తిరిగి, అబద్ధాలు వడకట్టి, ఒక పొరపాటు చెయ్యి పట్టుకుని నడిచి వస్తే ఈ అందం దొరికింది. ఎవరో దాచిపెట్టి మరిచిపోయిన సొమ్ములా ఇన్నాళ్లూ అది అక్కడే ఉంది. ఆ చుక్కని ఎవరూ గీయలేదు, ఎవరూ ఊహించను కూడా లేదు. ఆమెకి భయంలాంటిదేదో వేసింది. దణ్ణం పెట్టుకోవాలనిపించే భయం.

నాన్న హెడ్‌ఫోన్లు తీశాడు.

"ఇదెక్కడి హాలే?"

"ఇంకా ఎక్కడా లేదు నాన్నా."

"లేని హాల్లో నా గొంతు విన్నానా నేను?"

"విన్నావు. అత్తయ్యదీ విన్నావు. ఒకే హాల్లో. ఎవరూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు నాన్నా. ఇద్దరూ ఉండొచ్చు."

ఆమె అనుకున్నది వేరు. ఈ మాట వినగానే నాన్న ఎగిరి గంతేస్తాడని, అత్తయ్య తనని దగ్గరికి తీసుకుంటుందని. నాన్న అలాంటిదేమీ చెయ్యలేదు. బుల్లిహాలు దగ్గరికి వెళ్లి, వంగి, మూత పక్కనుంచి లోపలికి చూశాడు. ఆయన మొహంలో ఆశ్చర్యం ఉంది గానీ, అది కొత్తది చూసిన ఆశ్చర్యం కాదు.

"ఇందాక ఏదో తిప్పావే. ఏ గోడకి?"

"ఎడమగోడకి. వెనకవైపు. గోడవతల ఒక గది పెట్టాం, చిన్నది. నిజానికి అదొక పొరపాటు నాన్నా, కొలిచే యంత్రం అద్దం చూసి..."

కళ్లు తుడుచుకుంటున్న అత్తయ్య చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

అప్పుడే ఫోను మోగింది. మిల్లీమీటరు. కుందేలు బల్లమీద పెట్టి, అందరికీ వినిపించేలా నొక్కింది.

"మేడమ్, అద్దం లేదు." ఆయన గొంతు వింతగా ఉంది. చుట్టూ ఖాళీ హాలు ఉన్నట్టు ప్రతి మాట వెనకా తోక. "హాలంతా వెతికాను. ఎక్కడా గాజుముక్క కూడా లేదు. ఎడమగోడ వెనకాల తట్టి చూశాను. డొల్ల. మా యంత్రం బోల్తా పడలేదు మేడమ్. పాత చెక్కల సందులోంచి అవతలికి చూసింది. ఉన్నదే చెప్పింది."

"అంటే..."

"గది ఉంది. నిజంగానే ఉంది. మనం కట్టక్కర్లేదు. పైన పలక ఒకటి ఊడదీశాను. లోపలినుంచి చల్లగాలి వస్తోంది. తలుపు కూడా ఉంది, రంగు పూసి కప్పేశారు. తియ్యమంటారా?"

కుందేలు తియ్యండి అనబోయింది.

"తియ్యొద్దను!"

రెండు గొంతులు. ఒకటి నాన్నది, ఒకటి అత్తయ్యది. ఒకే మాట, ఒకే క్షణంలో, ఒకే శ్రుతిలో. కుందేలుకి బుద్ధి తెలిశాక ఆ ఇద్దరూ కలిసి అన్న మొదటి మాట అది.

ఆ మాటకి వాళ్లే బిత్తరపోయారు. అత్తయ్య తల తిప్పి, గోడవైపు కాదు, కిటికీవైపు కాదు, తిన్నగా అన్న మొహంలోకి చూసింది.

"అన్నయ్యా, దీనికి చెప్పేశావా?"

"నేనెందుకు చెప్తాను?" నాన్న గొంతు మొదటిసారి ఆఖరి వరసకి వినిపించనంత చిన్నదైపోయింది. "మాటిచ్చానుగా నీకు."

"ఏం మాట?" అంది కుందేలు. "ఎవరు మూయించారు ఆ గదిని? నాన్నా! అత్తయ్యా!"

ఫోనులోంచి ఏదో కిర్రుమన్న చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు హాలంతా తిరిగి, పోయి, మళ్లీ వచ్చింది, అచ్చం నింపాదయ్య చెప్పినట్టే.

"ఎవరండీ, ఏదో అన్నారు? సరిగ్గా వినబడలేదు," అన్నాడు మిల్లీమీటరు. "తలుపు ఊరికే అలా ముట్టుకున్నానో లేదో, వచ్చేసింది. లైటు వేసి చూస్తున్నాను. ఖాళీగానే ఉంది మేడమ్. దుమ్ము, అంతే. ఉండండి. ఒక్క కుర్చీ ఉంది."

"కుర్చీనా?"

"ఒకటే. గోడ చీలికకి ఎదురుగా తిప్పి వేసుంది. ఎవరో కూర్చుని హాల్లోది వినేవాళ్లలా ఉంది. ఇంకో సంగతి మేడమ్. గదంతా దుమ్ము పట్టి ఉంది గానీ, ఈ కుర్చీమీద మాత్రం లేదు. ఎవరో నిన్నమొన్న కూర్చుని లేచినట్టుంది."

అత్తయ్య చెయ్యి చాచి, ఎన్నో ఏళ్ల తర్వాత, అన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది.

(మిగతాది వచ్చే వారం)